ఖుర్బానీ మేకను బండిలో తెస్తున్నారా? ఈ జాగ్రత్తలు తప్పనిసరి

సంతలో కొన్న మేక ఇంటికి క్షేమంగా చేరాలి. దారిలో కాలు విరిగి, స్పష్టంగా కుంటితే అది ఖుర్బానీకి పనికిరాదు. డబ్బు నష్టం సరే, ఆ మూగజీవి పడే బాధ మాటేమిటి?

ఎప్పుడు బయల్దేరాలి: బక్రీద్ ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది. 2025లో జూన్ 7న జరిగింది, ఇక మే ఎండల్లోనే. చెన్నై–కోల్‌కతా, హైదరాబాద్–మచిలీపట్నం రహదారులు కలిసే బెంజ్ సర్కిల్‌లో మధ్యాహ్నం బండి ఆగిపోతే మేకకు గాలి ఆడదు. ఫజర్ నమాజ్ అవగానే బయల్దేరడం మేలు.

కాళ్లు కట్టొద్దు: కాళ్లు కట్టి పక్కకు పడేస్తే కడుపులో గ్యాస్ బయటికి పోక ఉబ్బి, ఊపిరితిత్తులను నొక్కేస్తుంది. 1978 నాటి జంతు రవాణా నిబంధనలు కూడా కాళ్లు కట్టరాదనే చెబుతున్నాయి.

తాడు: దూకే భయం ఉంటేనే మెడకు తాడు వేయాలి. పడుకుని లేచేంత పొడవు చాలు. ఎక్కువైతే అంచు దాటి దూకి ఉరి పడుతుంది.

అడుగున గడ్డి: నిబంధనల ప్రకారం కనీసం 5 సెంటీమీటర్ల మందం ఉండాలి. అప్పుడు రేకు మీద గిట్టలు జారవు, వేడీ తగలదు.

చోటు: నాలుగున్నర, ఐదు టన్నుల లారీలోనే 40కి మించి ఎక్కించకూడదు. ట్రాలీ ఆటోలో కుక్కడం ఎంత తప్పో ఆలోచించండి. మూసిన కారు డిక్కీలో అసలే వద్దు.

దించేటప్పుడు: కొమ్ములు, చెవులు పట్టి లాగకుండా చెక్క పలక వాలుగా పెట్టి దించండి. వెంటనే నీడకు చేర్చి నీళ్లు పెట్టండి.