ఎండుటాకు ఎవరిది?

తెలుగు మాటల్లో ఎండుటాకుకు విలువ తక్కువ. ముసలివాళ్ళను పండుటాకులంటారు. దిక్కులేని బతుకును గాలికి కొట్టుకుపోయే ఎండుటాకుతో పోలుస్తారు. “అన్నీ ఉన్న విస్తరి అణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది” అనే సామెతను మన పిల్లలూ బడిలో నేర్చుకుంటున్నారు. గర్వం గురించి చెప్పడానికి మంచి సామెతే. ఆ విస్తరి ఏ ఆకుది, ఎవరు కుట్టారు అన్న ప్రశ్న మాత్రం రాదు.

ఆకు అనే మాట మనకూ మైదానం వాళ్ళకూ దగ్గరిదే. తెలుగులో ఆకు, గోండిలో ఆకి. కానీ అది ఎండిన తర్వాత రెండు దారులవుతుంది. వాళ్ళకు ఊడ్చి పారేసే చెత్త, మనకు పని. విశాఖ, శ్రీకాకుళం కొండల్లో అడ్డతీగ ఆకును పచ్చిగా కోసి, ఎండబెట్టి, బరువు పెట్టి సాపు చేస్తారు. కుట్టే ముందు నీళ్ళు చిలకరించి, సన్నటి వెదురు పుల్లలతో విస్తరి కుడతారు. ఎన్ని పెళ్ళిళ్ళలో భోజనాలు ఆ ఆకుల మీద జరిగాయో ఎవరు లెక్కపెట్టారు! అడవిలో నడిచేవాళ్ళకు ఎండుటాకు కబురు కూడా చెబుతుంది. పాము పాకితే ఒక చప్పుడు, పిట్ట కెలికితే ఇంకొకటి, పంది కదిలితే వేరొకటి.

ఈ ఆకు మీద మొదట చెయ్యి వేసింది తెల్లదొరల చట్టం. 1882 మద్రాసు అటవీ చట్టం అడవి ఉత్పత్తుల జాబితాలో చెట్లు, కలపతో ఆగలేదు. ఆకులు, నాచు, పూలు, గింజలు, వేళ్ళు, తేనె, మైనం, అన్నీ రాసుకుంది. రాలిన ఆకుకు కూడా యజమాని పుట్టుకొచ్చాడు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరమైంది. పోడు వ్యవసాయం అంటేనే నరికిన కొమ్మలూ ఆకులూ ఎండనిచ్చి, కాల్చి, ఆ బూడిదలో విత్తడం. ఎండుటాకే మన ఎరువు. ఇప్పపువ్వు ఏరేవాళ్ళు చెట్టుకింద ఆకులు ఊడ్చో కాల్చో నేల శుభ్రం చేసుకుంటారు. ఆ నిప్పు దాటి పోకుండా చూసుకోవాలన్నది మన పెద్దలు చెప్పిందే. చట్టం మాత్రం జాగ్రత్తనూ నేరాన్నీ వేరు చేసి చూడలేదు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గూడెం కొండల జనం ఎందుకు లేచారంటే, రోడ్డు పనుల వెట్టితో పాటు పోడు మీద, అడవి మీద పెట్టిన ఈ ఆంక్షలూ కారణమే.

తర్వాత కథ తునికాకుది. ఒకే ఆకుకు మూడు పేర్లు. మనకు తునికాకు, చుట్టేవాళ్ళకు బీడీ ఆకు, సర్కారు కాగితాల్లో అబ్నూస్ ఆకు. ఆంధ్రప్రదేశ్‌లో 1971 చట్టం ఈ ఆకు వ్యాపారాన్ని ప్రభుత్వం చేతిలో పెట్టింది. వేసవికి ముందు కొమ్మ కొడితే లేత చిగుళ్ళు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే వెళ్ళి కోయాలి. యాభై ఆకులు ఒక కట్ట. కల్లంలో కట్టలు పరిచి, తిరగేసి, ఎండిన తర్వాత సంచులకెత్తుతారు. వెయ్యి కట్టలు ఒక సంచి, అంటే యాభై వేల ఆకులు. ఆకు చిన్నదనో, చిల్లులున్నాయనో పక్కకు నెట్టిన కట్టల లెక్క మాత్రం ఏ పుస్తకంలోకీ ఎక్కదు. కోసిన చేతుల పని మాత్రం అప్పటికే అయిపోయి ఉంటుంది.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. ఆ జాబితాలో తునికాకును పేరుపెట్టి రాశారు. 1882లో పోయింది 124 ఏళ్ళకు కాగితం మీద తిరిగొచ్చింది. కానీ ధర ఎవరు నిర్ణయిస్తున్నారు, గ్రామసభ తీర్మానం చేసిందా, బోనస్ ఎప్పుడు వస్తుంది అన్నవి ఊరూరా అడగాల్సిన ప్రశ్నలే.

ఉపాధ్యాయులకు ఒక మాట. తునికాకు కాలమూ బడి సెలవులూ దాదాపు ఒకేసారి వస్తాయి. పిల్లలు అమ్మల వెంట కల్లం దాకా వెళ్తూనే ఉంటారు. తెలుగులో చిగురు, లేతాకు, ముదురాకు, కారాకు, పండుటాకు, ఎండుటాకు అని ఆకు వయసుకు ఇన్ని పేర్లున్నాయి. కోయలో, సవరలో, కువిలో, గోండిలో ఏమంటారో కల్లం దగ్గరి అవ్వలను అడిగి, పిల్లల చేత నోటు పుస్తకంలో రాయించండి. పక్కన ఆ ఏడాది కట్ట ధర కూడా.