దీన్ దయాళ్ గాజు పలకలు – మన ఇంటి ఫొటోలు

హైదరాబాదు పాత వైభవాన్ని ఫొటోలలో మనకు మిగిల్చిపోయిన రాజా దీన్ దయాళ్ కూడా ఒకప్పుడు మనవలె ప్రభుత్వోద్యోగియే అంటే కొందరు మిత్రులకు ఆశ్చర్యం కలుగవచ్చు. 1844లో మీరట్ సమీపాన సర్ధనాలో జన్మించి, రూర్కీలో చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేశారాయన. తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకులై, సికింద్రాబాదులో స్టూడియో నడిపి, 1905లో కన్నుమూశారు.

ఆయన గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి 1989లో చేరాయి. చేయి జారితే పగిలే గాజు అన్నేళ్లు నిలవడం సామాన్య విషయం కాదు. ఆ స్టూడియోలో నెగటివుకు నంబరు వేసి, స్థలం పేరు రాసే పద్ధతి ఉండేది. అందువల్లనే అది ఏ భవనమో, ఏ దర్బారో నేడు చెప్పగలుగుతున్నాము. దాచడం ఒక ఎత్తు, రాసిపెట్టడం ఒక ఎత్తు.

మన ఇళ్ల సంగతి చూద్దాం. మన చిన్నతనంలో ఫొటో అంటే స్టూడియోకు వెళ్లి బిగుసుకుని కూర్చోవడమే. చాలామంది తల్లులకు విడిగా ఒక్క ఫొటో కూడా ఉండేది కాదు. వారు పోయిన రోజున ఏ పెళ్లి గ్రూపు ఫొటోలోనుంచో ముఖం మాత్రం పెద్దది చేయించి దండ వేసేవారు. పెన్షను కాగితాలకు దిగిన జాయింటు ఫొటోయే పెళ్లి తరువాత దంపతులు కలిసి దిగిన మొదటి ఫొటో అయిన ఇళ్లు కూడా ఉన్నాయి.

నలుపు తెలుపు ఫొటోలోని బొమ్మ వెండితో ఏర్పడినది కనుక జాగ్రత్త చేస్తే చాలాకాలం నిలుస్తుంది. తరువాత వచ్చిన కలర్ ఫొటోలో ఉన్నవి రంగులు. అవి వెలుతురుకు, వేడికి వెలిసిపోతాయి. జిగురు పేజీల ఆల్బములు ఫొటోను అంటిపెట్టుకుని పాడుచేస్తాయి. తేమ తగిలితే బూజు పడుతుంది. ఇక వరద వస్తే చెప్పేదేముంది? 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలోకి వచ్చినప్పుడు ఎన్నో ఇళ్లలో నేలకు దగ్గరగా ఉన్న సామానంతా నీటిపాలైంది.

కనుక ఫొటోలను నేలమీది పెట్టెలోను, ఎండకు కాగే అటకమీద ఉంచవద్దు. మధ్యగదిలో, బీరువా పై అరలో, కాగితపు కవర్లలో ఉంచండి. తడిసి అంటుకున్న ఫొటోలను లాగవద్దు. చల్లని మంచినీటిలో నాననిచ్చి, మెల్లగా విడదీసి, నీడన ఆరబెట్టండి. మనవలచేత స్కాను చేయించి, ఒక ప్రతి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి. సెల్‌ఫోనులో మాత్రమే ఉన్న ఫొటో ఆ ఫోనుతోనే పోతుంది.

అన్నిటికన్న ముఖ్యమైనది ఒకటి. నంబరు, తేదీ, సబ్జెక్టు లేని ఫైలును మనం ఏనాడూ రికార్డు రూముకు పంపలేదు. ఇంటి ఫొటోలకు మాత్రం ఆ మర్యాద ఎందుకు ఉండరాదు? వెనుక వరుసలో ఎడమనుంచి మూడవ ఆమె ఎవరో చెప్పగలిగినది అనేక ఇళ్లలో ఇప్పుడు మనమొక్కరమే. మన తరువాత ఫొటో మిగిలినా మనిషి మిగలరు. ప్రతి కవరుమీద పేర్లు, వరుసలు, ఊరు, సంవత్సరం రాయండి. చేయి వణికేవారు చెప్పి రాయించండి. ఈ పనికి ఈ ఆదివారమే శ్రీకారం చుట్టవలసినదిగా సభ్యులందరికీ నా మనవి.