ప్రాంతీయ నామినేషన్: రాష్ట్రం పిలుపు వేరు, శాశ్వత నివాస హక్కు వేరు

ఖరగ్‌పూర్: కెనడా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడాలనుకునే నిపుణులకు అక్కడి రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే నామినేషన్ ముఖ్యమైన మార్గాల్లో ఒకటి. తమ ప్రాంతానికి ఏ పనివారు కావాలో రాష్ట్రం ఎంచుకుంటుంది. దేశంలోకి ఎవరిని అనుమతించాలో కేంద్ర ప్రభుత్వం తేలుస్తుంది. నామినేషన్ లేఖ అందడం, శాశ్వత నివాస హక్కు రావడం ఒకటి కావు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని అర్థం చేసుకోకుండా ఉద్యోగం వదులుకున్నా, అప్పు చేసినా కుటుంబం చిక్కుల్లో పడుతుంది.

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా నివసిస్తున్న తెలుగువారి చరిత్ర ఈ తేడాను చక్కగా వివరిస్తుంది.

పని తెచ్చిన ఊరు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పందొమ్మిదో శతాబ్దం ముగిసే నాటికి ఖరగ్‌పూర్ పెద్ద జంక్షన్‌గా రూపుదిద్దుకుంది. అక్కడ వెలసిన రైల్వే వర్క్‌షాపుకు ఫిట్టర్లు, టర్నర్లు, మౌల్డర్లు, బాయిలర్ పనివారు కావలసి వచ్చారు. కటక్ మీదుగా తూర్పు తీరానికి రైలు మార్గం కలవడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి తెలుగువారు అక్కడికి తరలివెళ్లారు. కార్మికోద్యమంలోనూ తెలుగువారి పాత్ర ఉంది. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల పోరాటానికి నాయకత్వం వహించారు.

రైల్వే ఉద్యోగంతో పాటు క్వార్టరు వచ్చేది. పదవీ విరమణతో దానిని ఖాళీ చేయవలసి వచ్చేది. ఆ ఊళ్లోనే ఉండిపోదలచిన వారు సొంత ఇల్లు చూసుకోవలసిందే. ఉద్యోగం ఇచ్చిన నీడకు గడువు ఉండేది. తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించే నాటికి ఆ వలస మొదలై శతాబ్దం దాటింది. పని దొరకడం, ఉండే హక్కు దక్కడం, ఆ గడ్డ తనవారిగా గుర్తించడం మూడు వేర్వేరు మెట్లని ఈ చరిత్ర చెబుతుంది.

దేశంలో ఎక్కడికైనా వెళ్లి స్థిరపడే స్వేచ్ఛను రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులకు ఇచ్చింది. విదేశానికి వెళ్లేవారికి ఆ స్వేచ్ఛ పుట్టుకతో రాదు. అక్కడ ఒక్కో మెట్టుకు ఒక్కో అనుమతి, ఒక్కో షరతు ఉంటాయి.

కెనడా విధానం

కెనడాలో ప్రావిన్షియల్ నామినీ ప్రోగ్రాం 1990ల చివరలో మొదలైంది. దీనిని ముందుగా చేపట్టిన వాటిలో మానిటోబా ఒకటి. ఇప్పుడు క్యుబెక్, నునావుట్ మినహా మిగిలిన 11 ప్రావిన్సులు, టెరిటరీలు ఈ విధానంలో ఉన్నాయి. క్యుబెక్‌కు సొంత ఎంపిక పద్ధతి ఉంది.

ఇందులో రెండు దారులున్నాయి. మొదటిది 2015 జనవరిలో అమల్లోకి వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో ముడిపడినది. ఈ దారిలో నామినేషన్ పొందిన అభ్యర్థికి 600 అదనపు పాయింట్లు వస్తాయి. మొత్తం పాయింట్లు 1,200 కాబట్టి, ఆ తర్వాత కేంద్రం నుంచి ఆహ్వానం రావడం దాదాపు ఖాయమవుతుంది. రెండోది ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో సంబంధం లేని సాధారణ దారి. ఇందులో ముందు ప్రావిన్సుకు, తర్వాత కేంద్రానికి విడివిడిగా దరఖాస్తు చేయాలి.

ఏ దారిలో వెళ్లినా ఆరోగ్య, భద్రత, నేర చరిత్ర పరిశీలనలు కేంద్రం చేతిలోనే ఉంటాయి. ప్రావిన్సు నామినేట్ చేసినా కేంద్రం తిరస్కరించవచ్చు.

ప్రావిన్సులకు ఎన్ని స్థానాలు ఇవ్వాలో కేంద్రమే నిర్ణయిస్తుంది. ఈ విభాగంలో 2024కు 1,10,000గా ఉన్న ప్రవేశ లక్ష్యాన్ని 2025కు 55,000కు, అంటే సగానికి తగ్గించారు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఉద్యోగ హామీకి ఇచ్చే అదనపు పాయింట్లను 2025 మార్చిలో తొలగించారు. నిరుటి నిబంధనల ఆధారంగా ఈ ఏటి నిర్ణయం తీసుకోవడం ఎంత ప్రమాదమో ఈ మార్పులే చెబుతాయి.

నామినేట్ చేసిన ప్రావిన్సులోనే స్థిరపడే ఉద్దేశం ఉందని అభ్యర్థి దరఖాస్తులో చూపాలి. శాశ్వత నివాసి అయిన తర్వాత దేశంలో ఏ ప్రావిన్సుకైనా మారే హక్కును కెనడా హక్కుల పత్రంలోని 6వ సెక్షన్ కల్పిస్తుంది. అంతమాత్రాన దరఖాస్తు దశలో ఉద్దేశాన్ని దాచడం సమంజసం కాదు. తప్పుడు సమాచారం ఇచ్చినట్లు తేలితే అయిదేళ్ల పాటు దేశంలోకి అనుమతించరు. శాశ్వత నివాస హోదా నిలుపుకోవడానికి ప్రతి అయిదేళ్లలో కనీసం 730 రోజులు కెనడాలో ఉండాలన్నది సాధారణ నియమం.

చిన్న పట్టణాలకు ప్రత్యేక పథకాలూ ఉన్నాయి. అట్లాంటిక్ తీరంలోని నాలుగు ప్రావిన్సుల కోసం 2017లో ప్రయోగాత్మకంగా మొదలైన పథకం 2022లో శాశ్వత రూపం దాల్చింది. 14 ప్రాంతాలకు ఉద్దేశించిన గ్రామీణ పథకం 2025లో ఆరంభమైంది. వీటిలో స్థానిక యజమాని ఇచ్చే ఉద్యోగ హామీయే కీలకం.

ఆస్ట్రేలియా విధానం

ఆస్ట్రేలియాలో రాష్ట్ర నామినేషన్‌కు రెండు ప్రధాన వీసాలున్నాయి. ఇవి పైకి ఒకేలా కనిపించినా ఫలితంలో ఎంతో తేడా ఉంది.

సబ్‌క్లాస్ 190 వీసాతో మొదటి రోజు నుంచే శాశ్వత నివాస హోదా లభిస్తుంది. దీనికి నామినేషన్ 5 పాయింట్లు కలుపుతుంది. సబ్‌క్లాస్ 491 వీసాకు 15 పాయింట్లు కలుస్తాయి. కానీ అది అయిదేళ్ల తాత్కాలిక వీసా మాత్రమే. 2019 నవంబరులో వచ్చిన ఈ వీసాపై వెళ్లినవారు నిర్దేశిత ప్రాంతంలోనే నివసించాలి, పనిచేయాలి, చదువుకోవాలి. మూడేళ్లు షరతులు పాటించి, ఆ కాలానికి పన్ను మదింపు నోటీసులు చూపిన తర్వాతే సబ్‌క్లాస్ 191 కింద శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు.

ఈ వీసా విషయంలో సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మహానగరాలు తప్ప మిగిలిన దేశమంతా ప్రాంతీయమే. పెర్త్, అడిలైడ్, కాన్‌బెరా కూడా ఈ పరిధిలోకి వస్తాయి. కాబట్టి ప్రాంతీయం అనగానే మారుమూల పల్లె అనుకోనక్కరలేదు.

రెండు వీసాలకూ ఆహ్వానం అందే నాటికి వయసు 45 ఏళ్లలోపు ఉండాలి. కనీసం 65 పాయింట్లు రావాలి. నైపుణ్య మదింపు పూర్తయి ఉండాలి. ఇంజినీర్లకు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా, కంప్యూటర్ రంగం వారికి ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ, పలు చేతివృత్తులకు ట్రేడ్స్ రికగ్నిషన్ ఆస్ట్రేలియా ఈ మదింపు చేస్తాయి. కనీస పాయింట్లు ఉన్నంత మాత్రాన ఆహ్వానం వస్తుందన్న హామీ లేదు.

పత్రాలే ప్రాణం

ఖరగ్‌పూర్ వంటి చోట పుట్టి పెరిగిన తెలుగువారు ముందుగా చూసుకోవలసింది పేరు. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, బడి రికార్డులో వేరే వర్ణక్రమంతో, పాస్‌పోర్టులో పూర్తి రూపంలో ఉండవచ్చు. ఈ తేడాలను దరఖాస్తుకు ముందే సరిచేసుకోవడం మేలు. బెంగాలీలోనో తెలుగులోనో ఉన్న పత్రాలకు ధ్రువీకరించిన ఆంగ్ల అనువాదం జతచేయాలి.

అనుభవ ధ్రువపత్రంలో హోదా ఒక్కటే ఉంటే చాలదు. చేసిన పనుల వివరం, వారానికి ఎన్ని గంటలు, ఎంత వేతనం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నవి ఉండాలి. అప్రెంటిస్‌గా గడిపిన కాలాన్ని, నైపుణ్య ఉద్యోగిగా వేతనం పొందిన కాలాన్ని విడిగా చూపాలి. రెండూ కలిపి చూపితే లెక్క తేడా వచ్చి దరఖాస్తు దెబ్బతినే అవకాశం ఉంది. పోలీసు క్లియరెన్సు ధ్రువపత్రానికి పాస్‌పోర్టు సేవా విధానంలోనే దరఖాస్తు చేయవచ్చు.

సలహాదారుల విషయం

నామినేషన్ ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ నిర్ణయం ప్రభుత్వాలదే. కెనడా వలసపై రుసుము తీసుకుని సలహా ఇవ్వడానికి అక్కడి లైసెన్సు పొందిన కన్సల్టెంట్లకు, న్యాయవాదులకు, పారాలీగల్స్‌కు, క్యుబెక్ నోటరీలకు మాత్రమే అధికారం ఉంది. కన్సల్టెంట్ల పేర్లను వారి నియంత్రణ సంస్థ బహిరంగ జాబితాలో సరిచూసుకోవచ్చు. ఆస్ట్రేలియాలో ఉండి ఈ పని చేసే ఏజెంట్లు అక్కడి వలస ఏజెంట్ల నమోదు కార్యాలయంలో నమోదై ఉండాలి. న్యాయవాదులకు దీని నుంచి మినహాయింపు ఉంది.

విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తామనే రిక్రూటింగ్ ఏజెంట్ల విషయం వేరు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద వారు భారత ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. సేవా రుసుము రూ.30,000, దానిపై జీఎస్టీకి మించకూడదు. ఆ నమోదును ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పరిశీలించవచ్చు. డబ్బు ఇచ్చే ముందే ఈ పని చేయాలి.

నిర్ణయానికి ముందు అడగవలసినవి

దరఖాస్తుదారు తేల్చుకోవలసిన ప్రశ్నలు నాలుగు. ఇచ్చేది శాశ్వత హోదానా, తాత్కాలిక వీసానా? తాత్కాలికమైతే శాశ్వత హోదాకు ఎన్నేళ్లు, ఏ షరతులు? ఆ ప్రాంతంలో తన వృత్తికి నిజంగా పని ఉందా? భార్యకో భర్తకో ఉద్యోగం, పిల్లలకు చదువు అక్కడ సాధ్యమేనా?

చివరి రెండు ప్రశ్నలకు పాయింట్ల పట్టికలో పూర్తి సమాధానం దొరకదు. కానీ ప్రాంతీయ నామినేషన్ ఉద్దేశమంతా వాటిలోనే ఉంది. వచ్చినవారు ఉండిపోవాలన్నదే పిలిచిన ప్రాంతం కోరిక. అక్కడ ఉండగలమన్న నమ్మకం కుదిరిన తర్వాతే ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం, ఇల్లు అమ్మడం వంటి నిర్ణయాలు తీసుకోవాలి. అదీ తుది వీసా చేతికి వచ్చాకే. నిబంధనలు తరచు మారుతాయి కాబట్టి, దరఖాస్తు చేసే రోజున ఆయా ప్రభుత్వాల అధికారిక వెబ్‌సైట్లలో ఉన్న సమాచారమే ప్రామాణికం.