నీళ్లు తోస్తేనే వెలిగే మంట

డిసెంబరు వచ్చిందంటే ఉట్నూరు, జైనూరు, సిర్పూర్ (యు) వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి జారడం మామూలే. మిద్దె మీది టాంకీలో రాత్రంతా నిలిచిన నీళ్లు పొద్దున పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఒకప్పుడు పెరట్లో కాగు పెట్టి, కట్టెలు ఎగదోసి నీళ్లు కాచేవారు. తర్వాత బకెట్లో వేసే హీటరు రాడ్డు వచ్చింది. ఇప్పుడు కొత్తిళ్లలో గోడకు బిగించే గ్యాస్ గీజర్ కనిపిస్తోంది. ఇది నీళ్లను నిల్వ ఉంచుకోదు. నల్లా తిప్పగానే, పారే నీళ్లను పారుతుండగానే కాచి ఇస్తుంది.

కాగుకు నీళ్లు బావిలోంచి తోడినా, బోరు నుంచి మోసినా ఒకటే. ఈ గీజర్ అలా కాదు, నీటి ఒత్తిడి లేనిదే అసలు వెలగదు. అలా ఎందుకు తయారైందో దాని పుట్టుకలోనే ఉంది.

గొట్టాల్లో వేడినీళ్లు మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధుల దగ్గరి హమామ్‌లో వేడినీళ్లు, చన్నీళ్లు మట్టి గొట్టాల గుండా పారేవి. కానీ అక్కడ నీళ్లు ముందే కాగి ఉండేవి. పారే నీటిని అప్పటికప్పుడు గ్యాస్ మంటతో వేడిచేసే పరికరాన్ని 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ తయారుచేశాడు. ఐస్‌లాండ్ వేడినీటి ఊట పేరు మీద దానికి గీజర్ అని పేరు పెట్టాడు. దాంట్లో రెండు పెద్ద లోపాలుండేవి. మంటను, నీళ్లను మనిషే చూసుకోవాలి. నీళ్లు ఆగినా మంట మండుతూనే ఉండేది. పొగ బయటికి పోవడానికి గొట్టమూ లేదు. 1889లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఎడ్విన్ రూడ్ నీళ్లను నిల్వచేసి తనంతట తానే వేడిచేసే హీటర్‌తో వేరే దారి పట్టాడు. జర్మనీలో హ్యూగో యుంకర్స్ 1895లో కంపెనీ పెట్టి స్నానాల గదుల గ్యాస్ హీటర్లు తయారుచేయించాడు.

మంటను అదుపు చేసే పనిని చివరికి ఇంజనీర్లు నీళ్లకే అప్పగించారు. నా దృష్టిలో ఈ పరికరం చరిత్ర మొత్తంలో ఇదే గొప్ప ఆలోచన. నేటి గ్యాస్ గీజర్ అడుగున అరచేతిలో ఇమిడే వాల్వు ఉంటుంది, దాని లోపల రబ్బరు పొర. నీళ్లు పారినప్పుడు ఆ పొర ఒక పక్కకు వంగి సన్నటి కడ్డీని తోస్తుంది. కడ్డీ గ్యాస్ దారి తెరుస్తుంది, బ్యాటరీ స్విచ్చును నొక్కుతుంది. టిక్ టిక్‌మని నిప్పురవ్వ, వెంటనే మంట. నల్లా కట్టేస్తే పొర వెనక్కి వస్తుంది, గ్యాస్ బంద్. పొరను వంచేంత బలం నీళ్లకు లేకపోతే మంట రాదు. అది గీజర్ చెడిపోవడం కాదు, కాపాడటం.

ఆ బలం టాంకీ ఎత్తు నుంచి వస్తుంది. 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి. తక్కువ ఒత్తిడికని చేసిన గీజర్లకూ దాదాపు పావు బార్ కావాలి, అంటే రెండున్నర మీటర్లు. ఇక మన ఇల్లు చూడండి. స్లాబు 10 అడుగులు, మీద 2 అడుగుల దిమ్మె, షవరు 7 అడుగుల ఎత్తున. టాంకీ అడుగుకూ షవరుకూ మధ్య 5 అడుగులే, ఒకటిన్నర మీటరు! టాంకీ నిండా ఉంటే మంట వెలుగుతుంది, సగానికి దిగితే ఆరిపోతుంది. కింద బకెట్ నల్లా తిప్పితే వెలిగేది, షవరు తిప్పితే వెలగనిదీ ఇందుకే. అరంగుళం పైపు, దానికి అరడజను ఎల్బోలు వేస్తే ఉన్న బలమూ దారిలోనే పోతుంది. టాంకీ నుంచి గీజర్ దాకా ముప్పావు అంగుళం పైపు విడిగా దింపాలి. ఇనుప స్టాండు కట్టి టాంకీని ఎత్తాలి, వీలుకాకపోతే చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవాలి. వేడినీళ్ల వైపు సీపీవీసీ పైపే వాడాలి. మామూలు పీవీసీ మెత్తబడిపోతుంది. బోరు నీళ్లయితే గీజర్ ముందుండే జాలీలో ఇసుక చేరుతుంది, అప్పుడప్పుడు విప్పి కడగాలి.

కరెంటు గీజర్‌కు ఒత్తిడి బెడద తక్కువ గానీ దాని శక్తికీ హద్దుంది. అప్పటికప్పుడు కాచే 3 కిలోవాట్లది నిమిషానికి 2 లీటర్ల నీళ్లను 21 డిగ్రీలు పెంచగలదు, అంతే. ఓల్టేజీ 230 నుంచి 180కి పడితే దాని బలం మూడింట రెండొంతులకన్నా తక్కువే మిగులుతుంది.

గీజర్ కొనేముందు ఒకసారి మిద్దె ఎక్కి టాంకీ అడుగు నుంచి షవరు దాకా టేపుతో కొలవండి. గ్యాస్ గీజర్‌ను మాత్రం స్నానాల గది లోపల పెట్టించకండి, బయటి గోడకే బిగించమనండి. తలుపులేసిన చిన్న గదిలో చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, అది ప్రాణం తీస్తుంది.