అల్బేనియా సోషల్ డెమోక్రటిక్ పార్టీ

అల్బేనియా సోషల్ డెమోక్రటిక్ పార్టీ ఆగ్నేయ ఐరోపాలోని అల్బేనియా దేశానికి చెందిన ఒక చిన్న రాజకీయ పార్టీ. ఇది 1991లో స్థాపించబడింది. సామాజిక ప్రజాస్వామ్యం దీని ప్రకటిత సిద్ధాంతం. పార్టీ స్థాపకుడు, సుదీర్ఘకాలం అధ్యక్షుడు స్కెండర్ గ్యినూషి. 2023 జనాభా లెక్కల ప్రకారం సుమారు 24 లక్షల జనాభా గల ఈ దేశంలో అధికారం ప్రధానంగా డెమోక్రటిక్ పార్టీ, సోషలిస్టు పార్టీల మధ్య చేతులు మారుతూ వచ్చింది. ఆ రెండింటి నడుమ ఒక చిన్న పార్టీ ఎట్లా నిలబడింది, ఎన్నికల పద్ధతి మారినప్పుడల్లా దాని బలం ఎట్లా పెరిగింది, ఎట్లా తరిగింది అనే విషయాలు ఈ పార్టీ చరిత్ర ద్వారా తెలుసుకోవచ్చు.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధానంతరం అల్బేనియాలో కమ్యూనిస్టు పాలన ఏర్పడింది. ఎన్వర్ హోజా 1944 నుండి 1985లో మరణించే వరకు దేశాన్ని పాలించాడు. ఆ కాలంలో లేబర్ పార్టీ తప్ప మరొక పార్టీకి తావు లేదు. హోజా వారసుడు రమీజ్ అలియా కాలంలో, 1990 డిసెంబరులో రాజధాని తిరానాలో విద్యార్థుల ఉద్యమం చెలరేగింది. దాని ఫలితంగా ఇతర పార్టీల స్థాపనకు అనుమతి లభించింది. 1991 మార్చి 31న తొలి బహుళపక్ష ఎన్నికలు ప్రారంభమయ్యాయి. అదే సంవత్సరం జూన్‌లో లేబర్ పార్టీ తన పేరును సోషలిస్టు పార్టీగా మార్చుకున్నది.

స్థాపన, తొలి సంవత్సరాలు

గ్యినూషి వృత్తిరీత్యా గణితశాస్త్రవేత్త. కమ్యూనిస్టు పాలన చివరి సంవత్సరాలలో ఆయన విద్యాశాఖ మంత్రిగా పనిచేశాడు. విద్యార్థుల ఉద్యమం జరిగినప్పుడు ఆ శాఖ ఆయన చేతిలోనే ఉండేది. ఆ మరుసటి సంవత్సరమే ఆయన ఈ పార్టీని స్థాపించాడు. పాత లేబర్ పార్టీ వారసత్వం నుండి వేరుగా, పశ్చిమ ఐరోపా తరహా వామపక్షాన్ని నిర్మించడం పార్టీ ఉద్దేశంగా ఉండేది.

1992 ఎన్నికలలో పార్టీ 4 శాతానికి కొంచెం ఎక్కువ ఓట్లతో, 140 స్థానాలు గల శాసనసభలో 7 స్థానాలు గెలుచుకున్నది. ఆ ఎన్నికలలో విజయం సాధించినది సాలీ బెరిషా నాయకత్వంలోని డెమోక్రటిక్ పార్టీ. సోషల్ డెమోక్రాట్లు ఆ పార్టీ ఏర్పరచిన ప్రభుత్వంలో భాగస్వాములైనారు. వామపక్షమని చెప్పుకొనే పార్టీ మితవాద ప్రభుత్వంలో చేరడం వింతగా కనిపించవచ్చు. అయితే ఆనాటి ప్రధాన విభజన పాత పాలనకు, కొత్త ప్రజాస్వామ్యానికి మధ్య ఉండేది.

అధ్యక్షునికి విస్తృతాధికారాలు కల్పించే రాజ్యాంగ ముసాయిదాను 1994 నవంబరు 6న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ప్రజలు తిరస్కరించారు. ఆ వివాదం తరువాత పార్టీ ప్రభుత్వం నుండి వైదొలగి ప్రతిపక్షంలో చేరింది. 1996 మే 26న శాసనసభ ఎన్నికలు జరిగినప్పుడు, అక్రమాలు జరుగుతున్నాయని ఆరోపిస్తూ పోలింగు ముగియకముందే ప్రధాన ప్రతిపక్షాలు పోటీ నుండి తప్పుకున్నాయి. వాటిలో ఈ పార్టీ కూడా ఉన్నది.

1997 సంక్షోభం, అధికారంలో భాగస్వామ్యం

1997 ఆరంభంలో అల్బేనియాలో గొలుసుకట్టు పెట్టుబడి పథకాలు కుప్పకూలాయి. అధిక వడ్డీకి ఆశపడి ఇళ్ళు, పశువులు సైతం అమ్మి డబ్బు దాచుకున్న ప్రజలు సర్వం కోల్పోయారు. ఆయుధాగారాలు లూటీ అయ్యాయి, అనేక పట్టణాలు ప్రభుత్వ అదుపు తప్పాయి. ఆ సంవత్సరం జూన్, జూలై నెలలలో జరిగిన ఎన్నికలలో సోషలిస్టు పార్టీ గెలిచి, ఫాతోస్ నానో ప్రధానిగా సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడింది. సోషల్ డెమోక్రాట్లు అందులో చేరారు.

గ్యినూషి 1997 నుండి 2001 వరకు శాసనసభాపతిగా ఉన్నాడు. ఈ కాలంలోనే, 1998 నవంబరు 22న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా దేశానికి కొత్త రాజ్యాంగం ఆమోదించబడింది. పార్టీకి చెందిన మరొక నాయకుడు, చరిత్రకారుడు పాస్కల్ మిలో 1997 నుండి 2001 వరకు విదేశాంగ మంత్రిగా పనిచేశాడు. 1999 కొసావో యుద్ధకాలంలో లక్షలాది శరణార్థులు అల్బేనియాకు తరలివచ్చినప్పుడు ఆ శాఖ ఆయన నిర్వహణలో ఉన్నది. 2001 ఎన్నికలలో పార్టీకి 4 స్థానాలు లభించాయి. తరువాత గ్యినూషి కొంతకాలం ఉపప్రధానిగా ఉన్నాడు.

చీలికలు

పార్టీ చిన్నదైనా రెండుసార్లు చీలింది.
1. పార్టీ బెరిషా ప్రభుత్వాన్ని వీడినప్పుడు రచయిత తెఓదోర్ లాచో నాయకత్వంలోని వర్గం విడిపోయి, సోషల్ డెమోక్రటిక్ యూనియన్ పేరుతో డెమోక్రటిక్ పార్టీ పక్షాన నిలిచింది.
2. 2003లో పాస్కల్ మిలో వేరుపడి సోషల్ డెమోక్రసీ పార్టీని స్థాపించాడు. 2005లో అది 2 స్థానాలు గెలుచుకున్నది.

2005 ఫలితం: అరువు ఓట్లు

1998 రాజ్యాంగం ప్రకారం శాసనసభలోని 140 స్థానాలలో 100 స్థానాలకు నియోజకవర్గాల నుండి నేరుగా ఎన్నిక జరిగేది. మిగిలిన 40 స్థానాలను పార్టీల జాబితాలకు వచ్చిన ఓట్ల ఆధారంగా పంచేవారు. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి. నియోజకవర్గాలలో ఎక్కువ స్థానాలు గెలిచిన పెద్ద పార్టీలకు జాబితా ద్వారా అదనంగా లభించేది అంతగా ఉండదు. అందువలన అవి జాబితా ఓటును మిత్రపక్షాలకు వేయవలసిందిగా తమ మద్దతుదారులను కోరాయి. ఈ ఎత్తుగడకు అల్బేనియాలో ‘దుష్క్’ అనే పేరు వచ్చింది. 2001 ఎన్నికలలో వివాదాస్పదమైన ఒక నియోజకవర్గం పేరు అది.

ఫలితంగా 2005లో సోషల్ డెమోక్రటిక్ పార్టీకి దాదాపు 12.7 శాతం జాబితా ఓట్లు, 7 స్థానాలు వచ్చాయి. రెండు పెద్ద పార్టీలకు మాత్రం జాబితాలో 10 శాతం ఓట్లు కూడా రాలేదు. ఈ అంకెలను బట్టి పార్టీ నిజబలాన్ని అంచనా వేయరాదు. ఆ ఓట్లలో అధికభాగం మిత్రపక్షమైన సోషలిస్టు పార్టీ మద్దతుదారులవి.

2008 ఏప్రిల్‌లో రెండు పెద్ద పార్టీలు కలిసి రాజ్యాంగాన్ని సవరించి, ప్రాంతాల వారీ దామాషా పద్ధతిని ప్రవేశపెట్టాయి. రెండవ ఓటు రద్దయింది. 2009లో పార్టీకి 2 శాతం లోపు ఓట్లు వచ్చాయి, ఒక్క స్థానమూ దక్కలేదు. 2013లోనూ సోషలిస్టుల కూటమిలో ఉన్నప్పటికీ ఫలితం అదే.

నాయకత్వ మార్పు

2017 ఎన్నికల నాటికి పార్టీ నాయకత్వం వ్యాపారవేత్త, మాజీ సోషలిస్టు శాసనసభ్యుడు తోమ్ దోషీకి సంక్రమించింది. ఆయన 2015లో సోషలిస్టు పార్టీ నుండి బహిష్కరించబడ్డాడు. 2017లో పార్టీకి దేశం మొత్తం మీద 1 శాతం ఓట్లు కూడా రాలేదు, కాని అవి ఉత్తరాన గల ష్కోడర్ ప్రాంతంలో కేంద్రీకృతమైనందున దోషీ అక్కడి నుండి ఎన్నికైనాడు. 2018లో అమెరికా విదేశాంగ శాఖ అవినీతి కారణాన్ని చూపి ఆయనకు తమ దేశ ప్రవేశాన్ని నిషేధించింది. 2021 ఎన్నికలకు ముందు ఆయన అభ్యర్థిత్వం నుండి తప్పుకున్నాడు. అయినా పార్టీ ఆ సంవత్సరం 3 స్థానాలు గెలిచింది. 2025 ఎన్నికలలోనూ 3 స్థానాలు లభించాయి.

గ్యినూషి 2019లో అల్బేనియా విజ్ఞానశాస్త్రాల అకాడమీ అధ్యక్షుడైనాడు.

శాసనసభలో పార్టీ స్థానాలు

1992: 7
2001: 4
2005: 7
2009: 0
2013: 0
2017: 1
2021: 3
2025: 3

1992లోను, 2005లోను స్థానాల సంఖ్య ఒకటే అయినా వాటి అర్థం ఒకటి కాదు. మొదటివి పార్టీ స్వయంగా సంపాదించుకున్నవి, రెండవవి ఎక్కువగా మిత్రపక్షం ఇచ్చినవి. 2017 తరువాతి స్థానాలు ప్రధానంగా ఒక నాయకుని ప్రాంతీయ బలం వలన వచ్చినవి.