అలెప్పో తాత, మలక్‌పేట మనుమలు

ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ దాటి మలక్‌పేట చేరేసరికి నా చూపు రేస్‌కోర్సు వైపు మళ్ళుతుంది. పందెం కాసే అలవాటు లేదు. నన్ను లాగేది దాని చరిత్ర. మౌలాలిలో జరుగుతున్న గుర్రపు పందేలను ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో ఇక్కడికి తరలించాడు. 1961లో ఏర్పడిన హైదరాబాద్ రేస్ క్లబ్ 1968లో మళ్ళీ ఈ స్థలానికే చేరింది.

ఇక్కడ పరుగెత్తే థరోబ్రెడ్ గుర్రాలు పెంపక క్షేత్రాలలో పుట్టినవి. పసితనంలోనే వాటిని కొనే యజమాని కాళ్ళతోపాటు వంశావళినీ పరీక్షిస్తాడు. (పెళ్ళిసంబంధాల్లో మనవాళ్ళు కూడా అంత లోతుకు పోరేమో!) ప్రపంచంలోని థరోబ్రెడ్‌లలో అత్యధిక భాగానికి పితృవంశ మూలం ఒకే గుర్రం. 1702 ప్రాంతంలో థామస్ డార్లీ అనే ఆంగ్లేయుడు అలెప్పోలో ఒక చిన్న అరబ్బీ పోతుగుర్రాన్ని కొన్నాడు. 1704లో అది యార్క్‌షైర్ చేరింది.

అమెరికా కథ ఇంకా విచిత్రం. జస్టిన్ మోర్గన్ అనే సంగీతం పంతులు 1790ల ఆరంభంలో, తనకు రావలసిన బాకీ కింద ఒక మగపిల్లను తోలుకువచ్చాడని చెబుతారు. దాని పేరు ఫిగర్. మోర్గన్ జాతి యావత్తూ దాని సంతతే.

అరబ్బీ గుర్రాలకు మనవాళ్ళు ధనం పొయ్యలేదా అంటే, కుమ్మరించారు. సాళువ నరసింహరాయలు వేయి పర్దావులకు మూడు చొప్పున కొనేవాడనీ, సముద్రంలో చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపినా పూర్తి వెల చెల్లించేవాడనీ పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ 1530లలో రాశాడు. హొర్మూజువీ దేశవాళీవీ కలిపి విజయనగర ప్రభువు ఏటా 13,000 గుర్రాలు కొంటాడని కూడా అతడే అన్నాడు. మేలైనవి రాజు లాయానికి, తక్కినవి సేనానులకు, అక్కడినుంచి యుద్ధానికి.

దక్కనులో గుర్రాలను పెంచలేదని కాదు. భీమా నదీతీరపు భీమ్‌థడి జాతి మరాఠా రౌతులను మోసింది. అయినా ఇంగ్లండు వాళ్ళు 1791లో అచ్చువేసినటువంటి వంశావళి గ్రంథం మన ఆస్థానాలు వెయ్యలేదు. గుడిదీపానికి దానమిచ్చిన గొఱ్ఱెల సంఖ్యను రాతిమీద చెక్కించినవాళ్ళకు లెక్క రాయడం రాదని ఎలా అనగలం? కొన్నది యుద్ధం కోసం కనుక లెక్క వెల దగ్గరే ఆగిందని నా అభిప్రాయం.

మలక్‌పేట రేస్‌బుక్‌లో ప్రతి గుర్రం పేరుతోపాటు తండ్రి పేరూ, తల్లి పేరూ అచ్చువేస్తారు.