శిక్షకుడి అన్వేషణ: నిజామాబాద్ అనుభవం

క్రీడా చరిత్రను చదివేటప్పుడు విజేతతోపాటు ఆమెకు శిక్షకుడు ఎలా లభించాడో కూడా పరిశీలించాలి. ఇందల్వాయి ఉన్న నిజామాబాద్ జిల్లా నుంచే ఒక ఉదాహరణ చూద్దాం. 1996లో నిజామాబాద్‌లో జన్మించిన బాక్సర్ నిఖత్ జరీన్‌కు తొలి గురువు తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్. ఊళ్లో ఆమె అబ్బాయిలతోనే సాధన చేశారు. 2009లో విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో ఐ. వెంకటేశ్వరరావు వద్ద శిక్షణకు చేరారు. అదే ఏడాది మహిళల బాక్సింగ్‌కు ఒలింపిక్స్‌లో చోటు ఖరారైంది. ఆమె 2011లో జూనియర్, 2022లో సీనియర్ ప్రపంచ విజేత అయ్యారు.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? ఇల్లు ఆరంభాన్నిచ్చింది, ప్రభుత్వ సంస్థ దాన్ని ముందుకు నడిపింది. మంచి శిక్షకుడు దూర నగరంలోనే దొరికినప్పుడు, పదమూడేళ్లకే ఇల్లు విడిచి వెళ్లలేని బాలికల ప్రతిభ చరిత్రకెక్కదు. అందువల్ల శిక్షకుడి లభ్యత క్రీడా విషయమే కాదు, సామాజిక చరిత్రాంశం కూడా.